బరాత్ గుర్రానికి పాస్‌పోర్ట్ ఎందుకు లేదు?

ఇయ్యాల ఎపిసోడ్ జర వేరేగ ఉంటది. గుర్రాల గురించి మాట్లాడుకుందం. రేసులు, బెట్టింగులు కాదు. గుర్రం ఒక దేశం నుంచి ఇంకో దేశం పోవాలంటే ఏమేం కావాలె, ఎందుకు కావాలె, దానికీ మన కరీంనగర్‌కూ ఆదిలాబాద్‌కూ ఏం సంబంధం, అది మాట్లాడుకుందం.

మొన్న కరీంనగర్‌లో మా దోస్తు పెండ్లికి పోయిన. బరాత్ ఎట్లుంటదో మీకు తెలుసు గదా. డీజే, లైట్లు, పటాకులు, నడిమిట్ల తెల్ల గుర్రం మీద పెండ్లికొడుకు. అందరం గుర్రంతోని సెల్ఫీలు దిగినం. అప్పుడొక చిన్న పిలగాడు, గుర్రం కళ్లెం పట్టుకున్న అన్నను అడిగిండు. "అన్నా, ఈ గుర్రాన్ని దుబాయ్ తీస్కపోవచ్చునా? మా డాడీ ఆడనే ఉంటడు." అందరం నవ్వినం. ఆ అన్న గూడ నవ్వి, "మనుషులకే వీసా దొరుకుతలేదు, గుర్రానికి ఎవలిస్తరు బిడ్డా" అన్నడు.

నవ్వులాట మాటే. కానీ ఇంటికొచ్చినంక అదే మనసుల తిరిగింది. గుర్రాలు విమానాలు ఎక్కి దేశాలు తిరుగుతయి గదా. ఒలింపిక్స్‌కు పోతయి, దుబాయ్ రేసులకు పోతయి. మరి మన బరాత్ గుర్రం ఎందుకు పోలేకపోతది? పైసలు లేకనా? నేను గూడ అట్లనే అనుకున్న. చదివితే వేరే సంగతి తెలిసింది.

మన దిక్కు విషయంతోనే మొదలుపెడ్త. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, ఏ ఊరికి పోయినా గల్ఫ్ పోయినోళ్లు ఉంటరు. గల్ఫ్ పోవాలంటే పాస్‌పోర్ట్ ఉండాలె, వీసా ఉండాలె, అన్నిటికంటె ముందు మెడికల్ ఉండాలె. రక్తం తీస్తరు, ఛాతీ ఎక్స్‌రే తీస్తరు. మనిషి ఎడ్ల లెక్క బలంగ ఉంటడు, వంద కిలోల బస్తా ఎత్తుతడు. అయినా ఎక్స్‌రేల ఎప్పటిదో పాత టీబీ మచ్చ కనిపిస్తే చాలు, కాయితం మీద ఒకటే ముక్క: అన్‌ఫిట్. ఆ ముక్క ఎన్ని ఇండ్లను ఆగం చేసిందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

గుర్రానికి గూడ అచ్చం గట్లనే. దాని మెడలో చిన్న మైక్రోచిప్ పెడ్తరు. అదే దాని ఆధార్ నంబర్ అనుకోండి. పాస్‌పోర్ట్ ఉంటది. అందులో ఫొటో బదులు గుర్రం బొమ్మ గీసి, నొసటి మీద చుక్క ఏడుంది, ఏ కాలికి తెలుపు ఉంది, సుడులు ఏడున్నయి అని గుర్తులు రాస్తరు. వేసిన టీకాలన్నీ రాస్తరు. పోయేటందుకు ముందు వేరే గుర్రాలతోని కలువకుంట విడిగ ఉంచుతరు, రక్తం తీసి ల్యాబుకు పంపుతరు. సర్కారు పశువుల డాక్టర్ సంతకం పెట్టాలె. దిగినంక ఆ దేశంలో మళ్ల క్వారంటైన్. కొన్ని రోగాలకైతే పురుగు దూరకుంట సన్నని జాలీ కొట్టిన కొట్టంలో పెడ్తరు.

ఇంత ఎందుకు? గుర్రం సుట్టూ తిప్పి చూస్తే తెల్వదా రోగం ఉన్నదా లేదా అని? తెల్వదు. అసలు కష్టం ఆడనే ఉంది. కొన్ని రోగాలు గుర్రం ఒంట్లో ఉంటయి కానీ బయటికి కనిపించయి. ఈక్వైన్ ఇన్ఫెక్షియస్ అనీమియా అని ఒక రక్తపు రోగం ఉంది. ఒక్కసారి సోకిందంటే ఆ వైరస్ బతికినన్ని రోజులు గుర్రం రక్తంలోనే ఉంటది. గుర్రం తింటది, ఉరుకుతది, మెరుస్తది. కానీ దాన్ని కుట్టిన ఈగ పక్క గుర్రాన్ని కుడితే, లేకుంటే ఒకే సూది ఇద్దరికీ వాడితే, రోగం దాటిపోతది. అందుకే కన్ను చూసింది సరిపోదు, రక్తం చూడాలె.

ఈ రూల్స్ ఎవలు పెట్టిన్రు అని ఎతికితే నాకు మస్తు ఆశ్చర్యం అయ్యింది. కథ మన దేశం నుంచే మొదలైతది. 1920లో మన దేశపు మూపురం పశువులను ఓడలో బ్రెజిల్‌కు పంపిన్రు. ఓడ నడుమ బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో ఆగింది. ఆ పశువులతోని పెద్దరోగం, అంటే రిండర్‌పెస్ట్, బెల్జియం పశువులకు అంటుకుంది. యూరప్ అంతా గజగజ వణికింది. ఒక దేశం తలుపులు మూసుకుంటే సరిపోదు, అన్ని దేశాలు ఒకదానికొకటి నిజం చెప్పుకోవాలె అని అప్పుడు తెలిసొచ్చింది. 1924లో 28 దేశాలు కలిసి పారిస్‌లో ఒక సంస్థ పెట్టుకున్నయి. దాన్నే ఇప్పుడు ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ అంటున్నరు. ఐక్యరాజ్య సమితి కంటె పాతది అది. ఏ రోగం ఎక్కడ వచ్చినా దాయకుంట ఆ సంస్థకు చెప్పాలె. అన్ని రూల్స్‌కూ అదే పునాది.

మరి రూల్ తప్పితే ఏమైతది? మూడు కథలు చెప్త. మూడూ నిజంగ జరిగినయే.

మొదటిది స్పెయిన్. 1987లో మాడ్రిడ్ దగ్గర ఒక సఫారీ పార్కు కోసం ఆఫ్రికాలోని నమీబియా నుంచి జీబ్రాలు తెచ్చిన్రు. జీబ్రా గుర్రానికి సుట్టమే గదా. ఆఫ్రికన్ హార్స్ సిక్‌నెస్ అని ఒక రోగం ఉంది. జీబ్రాకు అది సోకినా ఏం కాదు, గడ్డి తినుకుంట తిరుగుతది. అదే గుర్రానికి సోకితే పదింట తొమ్మిది చచ్చిపోవచ్చు. దోమ కంటె చిన్నగ ఉండే కుట్టే పురుగులు దాన్ని మోసుకపోతయి. ఆ జీబ్రాలతోని వచ్చిన రోగం స్పెయిన్‌ను వదలడానికి 1990 దాకా పట్టింది.

రెండోది ఆస్ట్రేలియా. ఆ దేశంలో గుర్రాల ఫ్లూ ఎన్నడూ లేదు. 2007 ఆగస్టులో జపాన్ నుంచి వచ్చిన గుర్రాలను సిడ్నీ దగ్గర ఈస్టర్న్ క్రీక్ క్వారంటైన్ కేంద్రంలో పెట్టిన్రు. గోడలు ఉన్నయి, గేట్లు ఉన్నయి, రూల్ పుస్తకం ఉంది. అయినా వైరస్ బయటికొచ్చింది. రేసులు బంద్, గుర్రాలను కదిలించుడు బంద్, వేలాది దొడ్లకు రోగం పాకింది. దీని మీద మాజీ జడ్జి ఇయాన్ కాలినన్‌తోని విచారణ చేయించిన్రు. ఆయన ఏం తేల్చిండో ఎరుకేనా? లోపలికి పోయి గుర్రాలను ముట్టుకున్న మనుషులు బట్టలు మార్చకుంట, తానం చెయ్యకుంట బయటికి పోయిన్రు, మనిషి ఒంటి మీదనో సామాను మీదనో వైరస్ బయటపడి ఉండొచ్చు అని. గోడలు, గేట్లు ఉన్న కేంద్రం, ఆఖరికి ఒక మనిషి చేతులు కడుగుడు కాడ ఓడిపోయింది.

మూడోది థాయ్‌లాండ్, 2020. మన దగ్గర కరోనా లాక్‌డౌన్ నడుస్తున్న రోజులు. అదే టైంలో అక్కడ ఆఫ్రికన్ హార్స్ సిక్‌నెస్ బయటపడ్డది. ఆగ్నేయాసియాలో అంతకు ముందు ఎన్నడూ లేని రోగం. 500కు పైగా గుర్రాలు పోయినయి. బయటి నుంచి తెచ్చిన జీబ్రాల మీదికే అనుమానం పోయింది. గుర్రాలను తెస్తే పరీక్షలున్నయి, జీబ్రాల మీద మాత్రం అంత గట్టి నిఘా లేదు. చూసిన్రా? స్పెయిన్‌లో 1987లో జరిగిన కథనే 33 ఏండ్లకు మళ్ల వచ్చింది. ముందటి తలుపుకు తాళమేసి ఎనుక తలుపు తీసిపెట్టినట్టు.

"అవన్నీ బయటి దేశాల ముచ్చట్లన్నా" అంటరేమో. 1959 నుంచి 1961 దాకా ఇదే ఆఫ్రికన్ హార్స్ సిక్‌నెస్ మధ్యప్రాచ్యం నుంచి పాకిస్తాన్ మీదుగ మన దేశానికి వచ్చింది. ఆ దేశాలన్నిట్ల కలిపి 3 లక్షలకు పైగా గుర్రాలు, గాడిదలు, కంచరగాడిదలు చనిపోయినయి అని లెక్కలున్నయి. అప్పుడు జట్కాలు, టాంగాలు, ఇటుక బట్టీలు, అన్నిటికీ గుర్రమే ఇంజన్. గుర్రం పోతే ఇల్లు గడవదు. ఆ తర్వాత రోగం పోయింది, 2014లో మన దేశాన్ని ఆ రోగం లేని దేశంగా ప్రపంచ సంస్థ ఒప్పుకుంది. ఆ పేరును కాపాడుకోవాల్నంటే బయటి నుంచి వచ్చే ప్రతి గుర్రాన్నీ, ప్రతి జీబ్రానూ పరీక్ష చేసుడే.

మన దేశంలో దీనికి చట్టం ఎప్పటిదనుకున్నరు? 1898. లైవ్‌స్టాక్ ఇంపోర్టేషన్ చట్టం. బ్రిటిషోళ్లకు గుర్రాల మీద ప్రేమ ఎక్కువై కాదు. వాళ్ల సైన్యానికి ఆస్ట్రేలియా నుంచి ఓడల నిండ గుర్రాలు వస్తుండె. వాటిని వేలర్లు అనేటోళ్లు. రోగం వస్తే సైన్యం కూలబడ్తది. ఆ మరుసటి ఏడాదే, 1899లో, గ్లాండర్స్ అనే ఒక్క రోగం కోసమే ఇంకో చట్టం చేసిన్రు. 1898 చట్టం మార్పులతోని ఇప్పటికీ నడుస్తున్నది. గ్లాండర్స్ చట్టం జాగలో మాత్రం 2009లో అన్ని పశువుల అంటురోగాలకు కలిపి కొత్త చట్టం వచ్చింది. బయటి నుంచి వచ్చే జీవాలను చూసే కేంద్ర సర్కారు క్వారంటైన్ కేంద్రాలు ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, బెంగళూరుతో పాటు మన హైదరాబాద్‌లో గూడ ఉన్నయి.

ఇదంతా లోపలికి వచ్చేదాని సంగతి. మరి మన గుర్రం బయటికి పోవుడు ఎట్ల? ఇంకో దేశం మన కాయితాన్ని నమ్మాలె. ఈ నమ్మకం కాడనే మనం ఏండ్ల తరబడి ఎనుకబడ్డం. మన దేశంలో గ్లాండర్స్ అక్కడక్కడ బయటపడ్తనే ఉంటది. జోరీగలు మోసే సర్రా ఉంది. గోమార్లు, అంటే పిడుదులు, మోసే పైరోప్లాస్మోసిస్ ఉంది. అందుకే మన గుర్రం అంటే వేరే దేశాలు భయపడ్తయి.

దీని ఫలితం ఎంత దూరం పోయిందో చూడుండ్రి. 2023 సెప్టెంబర్‌లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన డ్రెస్సేజ్ టీమ్ గోల్డ్ కొట్టింది. అనుష్ అగర్వాలా, సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా. గుర్రపు స్వారీలో 41 ఏండ్ల తర్వాత వచ్చిన గోల్డ్ అది. వీడియోలు మీరు గూడ ఫార్వర్డ్ చేసి ఉంటరు. కానీ ఆ పిల్లలు ఏండ్ల కొద్దీ ఇల్లు ఇడిసి యూరప్‌లో ఉండి నేర్చుకున్నరు. ఆ గుర్రాలు గూడ యూరప్‌ల ఉన్నయే. టోక్యో ఒలింపిక్స్‌లో స్వారీ చేసిన ఫవాద్ మీర్జా గూడ జర్మనీలో ఉండి తయారైనోడే. యూరప్‌లో మంచి కోచ్‌లు, పెద్ద పోటీలు ఉన్నయి, అది ఒక కారణం. ఇంకో కారణం, ఇండియాలో పెంచిన గుర్రాన్ని ఇండియా నుంచి నేరుగ పోటీకి తీస్కపోవుడు దాదాపు కాని పని. యూరప్‌లో గుర్రాన్ని కొని, అక్కడ ఏండ్ల కొద్దీ ఉండే స్తోమత ఎందరికి ఉంటది? స్వారీ బాగ వచ్చిన ఒక మామూలు ఇంటి పిలగాడు ఆడనే ఆగిపోతడు.

దీనికి ఒక దారి దొరికింది. దేశం మొత్తం ఒక్కసారే బాగు చెయ్యలేకుంటే, ముందుగాల ఒక జాగను పూర్తిగ రోగం లేకుంట చేసి, దానికి కంచె కట్టి, రుజువు చూపియ్యి. చైనా 2010 గ్వాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్ కోసం కాంగ్‌హువా అనే దగ్గర ఇట్లాంటి జోన్ చేసింది. మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ కంటోన్మెంట్‌లో సైన్యం వాళ్ల రీమౌంట్ వెటర్నరీ కోర్ కేంద్రం ఉంది. ఆ కేంద్రాన్ని 2025 జులై 3న ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ గుర్రాల రోగాలు లేని కంపార్ట్‌మెంట్‌గా ఒప్పుకుంది. అయిదు రోగాలు అక్కడ లేవని లెక్క: ఇన్ఫెక్షియస్ అనీమియా, ఇన్‌ఫ్లుయెంజా, పైరోప్లాస్మోసిస్, గ్లాండర్స్, సర్రా. దేశంలో ఇట్లాంటిది ఇదే మొదటిది. ఇగ అక్కడి గుర్రాలు బయటి పోటీలకు పోవడానికి దారి తెరుచుకుంది. సంతోషించాల్సిన మాట.

కానీ కంపార్ట్‌మెంట్ అంటే ఏంది? ఒక దీవి. 2020 మార్చిలో మన కరీంనగర్‌లోనే కొన్ని వాడలకు బారికేడ్లు పెట్టి రెడ్ జోన్ అన్నరు, యాదికున్నదా? ఇది దానికి ఉల్టా. రోగాన్ని లోపల పెట్టి తాళమేసుడు కాదు, రోగాన్ని బయట ఉంచి తాళమేసుడు. దీవి బాగుంటే సంతోషమే. మరి దీవి సుట్టూ ఉన్న సముద్రం సంగతేంది? ఆ సముద్రంలోనే మన బరాత్ గుర్రం ఉంది.

ఇప్పుడు మన దిక్కు వద్దాం. ఆదిలాబాద్ అవతల నాందేడ్ జిల్లాలో మాలేగావ్ ఉంది. మార్గశిర మాసంలో అక్కడ ఖండోబా జాతర. గుర్రాలు, గాడిదలు, ఒంటెలు, వేరే వేరే రాష్ట్రాల నుంచి వచ్చి అమ్ముడుపోతయి. నిజాం కాలంలో నాందేడ్, ఆదిలాబాద్ ఒకే రాజ్యం. ఇప్పుడు నడుమ రాష్ట్రం బార్డర్ ఉంది కానీ గుర్రానికి బార్డర్ తెల్వది. డీసీఎంలో ఎక్కిస్తే రాత్రికి రాత్రి ఇటు దిగుతది. ఇగ హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ పోయే 44 నంబర్ జాతీయ రహదారి మన నిర్మల్, ఆదిలాబాద్ మీదుగనే పోతది. అంటే దేశం ఉత్తరం దక్షిణం తిరిగే జీవాలకు మనమే దర్వాజ.

2025లో ఒక వార్త మీరు చూసే ఉంటరు. ఏప్రిల్ చివర్ల, మే మొదట్ల హైదరాబాద్ నుంచి 57 గుర్రాలను మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ జిల్లాకు లారీల్లో తీస్కపోయిన్రు. అంత ఎండలో, అంత దూరం. పోయిన కొద్ది రోజులకే కొన్ని చనిపోయినయి. వెంటనే గ్లాండర్స్ అనుమానంతోని రక్తం శాంపిళ్లు హర్యానాలోని హిసార్‌కు పంపిన్రు. గుర్రాల రోగాలకు దేశం మొత్తానికి పెద్ద ల్యాబ్ అక్కడి జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలనే ఉంది. వచ్చిన రిపోర్టుల్లో గ్లాండర్స్ లేదని వచ్చింది. సంగతి హైకోర్టు దాకా పోయింది. ఎవలది తప్పు అనేది కోర్టు చూస్తది, మనం తీర్పులు చెప్పొద్దు. నాకు గుచ్చుకున్న ప్రశ్న ఒకటే. ఒకవేళ ఆ రిపోర్టు పాజిటివ్ వస్తే? లారీలు ఆగిన ప్రతి దాబా, నీళ్లు తాపిన ప్రతి తొట్టి, ముట్టుకున్న ప్రతి మనిషి లెక్కలోకి వస్తరు గదా.

గ్లాండర్స్ గుర్రంతోనే ఆగేది కాదు, మనిషికి గూడ వస్తది. గుర్రం ముక్కు నుంచి చిక్కటి చీమిడి కారుతది, ముక్కు లోపల పుండ్లు అయితయి, చర్మం కింద తాడు పేనినట్టు గడ్డలు లేస్తయి, జరం, దగ్గు, బక్కగయ్యుడు. ఆ చీమిడి మన చేతి గాయానికి తగిలినా, గాలిల పీల్చినా మనకు అంటొచ్చు. టైంకు మందు పడకుంటే మనిషి ప్రాణమే పోవచ్చు. దీనికి టీకా లేదు, గుర్రానికి వైద్యం చెయ్యరు. పరీక్ష పాజిటివ్ వస్తే చట్టం ప్రకారం సూదిమందుతోని చంపి లోతుగ పూడ్వాలె. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇదే గ్లాండర్స్ క్రిములను జర్మనీ ఏజెంట్లు అమెరికాలో, యూరప్‌కు ఓడ ఎక్కబోయే గుర్రాలకు, కంచరగాడిదలకు అంటించిన్రు. అంటే గుర్రాల ఎగుమతినే ఆయుధం చేసిన్రు.

సర్రా గురించి ఇంకో మాట. అది మనుషులకు రాదు అని అందరూ అనుకుంటుండె. 2004లో ఒక రైతుకు వచ్చింది. అది ప్రపంచంలోనే పక్కాగ రుజువైన మొదటి కేసు. ఎక్కడనుకున్నరు? మన ఆసిఫాబాద్ జిల్లాకు బార్డర్‌లో ఉన్న చంద్రపూర్ జిల్లాలో. ఆయన రక్తంలో ఆ క్రిమిని అడ్డుకునే ఒక ప్రోటీన్ లేదని తర్వాత తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మందు ఇప్పిస్తే ఆయన బాగైండు. గుర్రాల రోగం గుర్రాలోళ్ల గోస, మనకెందుకు అనుకునేటోళ్లకు ఈ ఒక్క ముచ్చట చాలు.

ఇప్పుడు అసలు మాట. నేను ఇయ్యాల చెప్పదలుచుకున్నది ఇదే.

బరాత్ గుర్రం అన్నను యాది చేసుకోండి. ఆయన మంచి తెల్ల గుర్రానికి లక్షకు పైగానే పెట్టి ఉంటడు, అందులో సగం అప్పే. పెండ్లిళ్ల సీజన్ రెండు మూడు నెలలు. ఒకరోజు పొద్దుగాల గుర్రం ముక్కు కారుతున్నది. డాక్టర్‌కు చెప్పాల్నా? చెప్తే రక్తం తీస్తరు. పాజిటివ్ వస్తే గుర్రాన్ని చంపుతరు. గ్లాండర్స్‌కు గుర్రానికి 25 వేలు, గాడిదకైతే 16 వేలు పరిహారం అని లెక్క. లక్ష గుర్రానికి 25 వేలు. అది గూడ ఎప్పుడు చేతికొస్తదో. ఈ లోపల సుట్టుపక్కల గుర్రాలన్నిటికీ పరీక్షలు, తోటి గుర్రాలోళ్ల కోపం, ఒప్పుకున్న పెండ్లిళ్లు క్యాన్సల్. మరి ఆయన ఏం చేస్తడు? ముక్కు తుడిచి, రాత్రికి వేరే ఊరి బేరగానికి అమ్మేస్తడు. ఆయన చెడ్డోడు అయ్యి కాదు, ఇంట్ల పిల్లలున్నోడు అయ్యి. ఆ గుర్రంతోని రోగం ఇంకో జిల్లాకు పోతది.

మీరట్‌లో కోట్లు పెట్టి గేటు కట్టొచ్చు. హైదరాబాద్‌లో క్వారంటైన్ పెట్టొచ్చు. కానీ ఈ అన్న నోరు ఇప్పనంత కాలం మన దేశం కాయితం మీద ఇంకో దేశానికి పూర్తి నమ్మకం కుదరదు. అంతర్జాతీయ రూల్ అంటే మనకు విమానాశ్రయం యాదికొస్తది. దాని మొదటి మెట్టు మాత్రం కొట్టంలో, ముక్కు కారుతున్న గుర్రం ముందట నిలబడ్డ గరీబు మనిషి కాడ ఉంది. ఆయన నిజం చెప్తే నష్టపోకుంట చూసే బాధ్యత మనదే.

ఇది కొత్త తెలివి కాదు. విజయనగరం రాజులకు గుర్రాలు హోర్ముజ్ నుంచి, ఏడెన్ నుంచి ఓడల్లో వస్తుండె. సముద్రంలోనే మస్తు చచ్చిపోతుండె. నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి రాసిపెట్టిండు: సాళువ నరసింహరాయలు బతికిన గుర్రానికే కాదు, చచ్చిన గుర్రానికీ పైసలు ఇచ్చేటోడట. నడుమ చనిపోతే దాని తోక కోసి తెచ్చి చూపిస్తే చాలు, బతికిన గుర్రం ధరే ఇచ్చేటోడట. రాజు పిచ్చోడు కాదు. నష్టాన్ని తన మీద ఏసుకుంటెనే వర్తకులు గుర్రాలు తెస్తరని ఆయనకు తెలుసు. అయిదు వందల ఏండ్ల కిందటి లెక్క మనకు ఇప్పుడు పనికొస్తది. చచ్చిన గుర్రానికి సరైన ధర, అది గూడ జల్ది కడితే, రోగం దానంతట అదే బయటికొస్తది. బ్రిటన్ 1928 నాటికే గ్లాండర్స్‌ను తరిమేసింది. పరీక్ష చేసుడు, పాజిటివ్ అయితే చంపుడు, గదే దారి. ఆ దారిలో మన గుర్రాలోళ్లు గూడ నడువాల్నంటే పరిహారం నమ్మకంగ ఉండాలె.

"అన్నా, ఆ పైసలు రైతులకు పెట్టొచ్చు గదా, గుర్రాలు షోకు గదా" అని కామెంట్ పెడ్తరని తెలుసు. న్యాయమైన మాటనే. కానీ లెక్క చూడుండ్రి. 2019 పశుగణన ప్రకారం దేశం మొత్తంలో గుర్రాలు, పోనీలు కలిపి 3 లక్షల 42 వేలే. 2012లో 6 లక్షల 25 వేలు ఉండె. ఏడేండ్లల్ల దాదాపు సగం తగ్గినయి. ఉన్నదే తక్కువ. అందులో పాజిటివ్ వచ్చేవి ఇంకా తక్కువ. వాటికి పూరా ధర కట్టినా ఖజానా ఏం మునుగది. రోగం మనిషికి అంటితే అయ్యే ఖర్చు దాని కంటె ఎక్కువ. షోకు అనేది రేసు గుర్రానికి చెల్లుతది, ఇటుక బట్టీ కాడి కంచరగాడిదకు చెల్లదు.

సరే, మన చేతిల ఏముంది? మూడు పనులు చెప్త.

ఒకటి. మీ వాడలో, మీ ఊర్ల గుర్రం గాని గాడిద గాని ముక్కు కారుతున్నా, ఒంటి మీద గడ్డలు లేచినా, 1962కు ఫోన్ చెయ్యిండ్రి. పశువుల డాక్టర్ బండి కోసం పెట్టిన నంబర్ అది. అంటురోగం అని అనుమానం వస్తే చెప్పుడు యజమాని బాధ్యత అని 2009 చట్టం చెప్తది. ఆ గుర్రాన్ని వట్టి చేతులతోని ముట్టొద్దు. ఫొటో తియ్యాల్నంటే దూరం నుంచే తియ్యిండ్రి. ఆ మనిషిని వైరల్ చెయ్యొద్దు, ఇజ్జత్ తీయొద్దు. భయపెడితే ఇంకోసారి ఎవలూ చెప్పరు.

రెండు. గుర్రాలు పెట్టుకున్నోళ్లు ఉంటే, జాతర నుంచి కొత్త గుర్రం తెచ్చినప్పుడు వెంటనే పాత గుర్రాలతోని కట్టెయ్యొద్దు. కొన్ని వారాలు వేరే జాగల కట్టెయ్యిండ్రి, వేరే బకెట్ పెట్టుండ్రి, డాక్టర్‌తోని రక్తం పరీక్ష చేయించుండ్రి. ఒకే సూది రెండు గుర్రాలకు వాడనియ్యొద్దు. ఆస్ట్రేలియా క్వారంటైన్‌లో లోపించింది గూడ ఇదే, చేతులు కడుగుడు, బట్టలు మార్చుడు. దానికి కోట్లు అక్కరలేదు, సబ్బు చాలు.

మూడు. పెండ్లికి గుర్రాన్ని మాట్లాడేటప్పుడు లైట్లు ఎన్ని, పూలు ఎన్ని అని అడుగుతం గదా. ఒక్క మాట ఎక్కువ అడుగుండ్రి: "అన్నా, గుర్రానికి డాక్టర్ కాయితం ఉన్నదా?" నలుగురు అడిగితే అయిదో పెండ్లికి కాయితం దానంతట అదే వస్తది. ఆ కాయితానికి ఇంకో అయిదు వందలు ఎక్కువ అడిగితే ఇయ్యిండ్రి. పటాకులకు వేలు కాలుస్తం గదా.

ఆ చిన్న పిలగాడు మళ్ల కలిస్తే చెప్త. "బిడ్డా, ఈ గుర్రం దుబాయ్ పోవాల్నంటే ముందు ఇక్కడ దాని రక్తం పరీక్ష కావాలె. పరీక్షకు భయపడకుంట ఉండాల్నంటే ఈ అన్నకు ధైర్యం కావాలె. ఆ ధైర్యం మనమంతా కలిసి ఇయ్యాలె" అని. వానికి ఎంత అర్థమైతదో తెల్వది. మీకైతే అయ్యింది అనుకుంట.

మీ ఊర్ల గుర్రాలు, జట్కాలు, జాతరలు, వాటి ముచ్చట్లు ఏమున్నా కామెంట్ల రాయిండ్రి. గుర్రాలోళ్లు ఎవరన్న చూస్తుంటే మీ కష్టం గూడ రాయిండ్రి, చదువుత. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.